మాలిత వంతు

పోయిన వారం ఎనెలెసి టీచర్ని ట్యాబ్ ముందు నోట మాట రాకుండా కూర్చోబెట్టి వచ్చేశాం. పొగాకు నారుమళ్ళ కాలం వచ్చిన కొత్తలో మూడో తరగతి పిల్ల మాలిత జ్వరంతో పోయింది. జ్వరమని చెప్పింది ఆ పిల్ల మేనమామ జైలోసి. ఊరంతా అదే అనుకుంది. పిల్లను మట్టిలో పెట్టి నెల దాటింది. అయినా బడిలో పాఠం మొదలుపెట్టే ముందు పిల్లలు ట్యాబులో ఎవరి ముఖాన్ని వాళ్ళు వేలితో తాకుతారే, ఆ ముఖాల వరసలో మాలిత ముఖం కింద కూడా పచ్చ చుక్క వెలుగుతోంది. తీసివేతల దగ్గర ఆగిపోవలసిన పిల్ల గుణకారాలు దాటి భాగారాల్లోకి అడుగుపెట్టింది.

ఆ సంగతి ఎనెలెసి ఎవరికీ చెప్పలేదు. చెబితే రెండింటిలో ఒకటి జరుగుతుంది. హెడ్మాస్టరుకి చెబితే యంత్రం చెడిందని ట్యాబులు వెనక్కి పోతాయి. ఊళ్ళో చెబితే బడి గదిలో ఏదో తిరుగుతోందని పిల్లలు రావడం మానేస్తారు. అందుకని ఆమె నోరు మూసుకుంది. మూసుకుని కూర్చున్న నాలుగో రోజుకి రాజధాని లిలోంగ్వే నుంచి, ట్యాబులు పంపిన ఆఫీసమ్మాయి వస్తోందన్న కబురు వచ్చింది. ట్యాబులతో చదువు ఎలా ఉందో ఆమె పిల్లల్నే అడిగి తెలుసుకుంటుందట.

ఆ రోజు హెడ్మాస్టరు కమ్వెందో పొద్దున్నే కోటు వేసుకుని వచ్చాడు. అక్టోబరు ఎండకి ఆ కోటు చంకల్లో అప్పుడే తడిసింది.

"పిల్లలకి జావ ఇప్పుడు పొయ్యకండి," అన్నాడు పొయ్యి దగ్గరున్న తల్లులతో. "ఆమె వచ్చి చూసినప్పుడు పొయ్యాలి. జావ పోస్తుండగా ఫోటో తీస్తుంది."

"అప్పటిదాకా వాళ్ళ కడుపులు కూడా ఫోటో కోసం ఆగాలా సారూ?" అంది ఒక ముసలామె. తల్లులు నవ్వారు.

మాలిత తల్లి లెజీనా నవ్వలేదు. ఇవాళ జావ కాచే వంతు ఆమెది. మాలిత పోయాక ఆమె ఇల్లు దాటి రావడం ఇదే మొదలు. నడుముకు చితెంజె గుడ్డ గట్టిగా బిగించి, తన ఎత్తున్న తెడ్డుతో కుండలో జావ కలుపుతోంది. ఎనెలెసి దగ్గరికి వెళ్ళి, "అక్కా, ఎలా ఉన్నావు?" అంది.

"మీరు బాగుంటే నేనూ బాగున్నట్టే మేడం," అంది లెజీనా, తెడ్డు ఆపకుండానే. "ఫలేసి బాగా చదువుతోందా?" అని అడిగింది.

ఫలేసి మాలిత చెల్లెలు. పెద్దది ఒక ఏడాది తప్పడంతో చిన్నది వచ్చి అదే తరగతిలో కలిసింది. అక్క పోయాక ఆ పిల్ల గొంతు విన్న గుర్తు ఎనెలెసికి లేదు. వంద దాటిన తరగతి, ఒక్క టీచరు. చివరి వరసలో నోరెత్తని పిల్ల ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

"బాగానే చదువుతోంది. ట్యాబులో రోజూ ముందుకే పోతోంది," అంది ఎనెలెసి. అది అబద్ధం కాదు. ప్రతి పొద్దునా ఆమె తన ట్యాబులో పచ్చ చుక్కలు చూసి హాజరు వేసుకుంటుంది.

"అది చాలు," అంది లెజీనా.

*

ట్యాబుల గది అంటే బడి మొత్తానికి ఇటుక గోడలూ ఇనుప తలుపూ ఉన్నది అదొక్కటే. పైన సోలార్ పలకలు, కింద తుంగచాపలు. ముప్పై మంది లోపలికి వెళితే మిగతావాళ్ళు మామిడిచెట్టు కింద ఎనెలెసి దగ్గర కూర్చుంటారు. ముప్పై మంది బయటికి, ఇంకో ముప్పై మంది లోపలికి. లోపల పెత్తనం ఎలుబీది. ఎలుబీ తొమ్మిదేళ్ళ పిల్ల, కానీ గొంతు మాత్రం అత్తగారి గొంతు.

ఆఫీసమ్మాయి పేరు తియోంగె. పాతికేళ్ళుంటాయేమో. చెప్పులు బయట విడిచి, చాప మీద పిల్లల మధ్యలో మోకాళ్ళు మడిచి కూర్చుంది. కుర్చీ తెప్పించిన కమ్వెందో ఆ కుర్చీలో తనే కూర్చోవలసి వచ్చింది.

"ట్యాబుతో చదువుకోవడం మీకు ఎలా ఉంది?" అని అడిగింది తియోంగె.

"ట్యాబుతో చదువు మాకు చాలా ఇష్టం. మాకు ట్యాబులు ఇచ్చిన పెద్దలకు కృతజ్ఞతలు," అన్నారు ముప్పై మందీ ఒక్క గొంతుతో. కమ్వెందో కళ్ళు మూసుకుని తల ఊపాడు.

"అది మీ సారు చెప్పింది. నాకు మీరు చెప్పేది కావాలి. తప్పు చెప్పినా ఎవరూ ఏమీ అనరు."

పిల్లలు టీచరు వైపు చూశారు. ఎనెలెసి చెప్పండన్నట్టు చెయ్యి ఊపింది. మవుతో అనే పిల్లవాడు అందరికంటే ముందు నోరు విప్పాడు. "కొట్టదు."

"ఏది?"

"ఇది. తప్పు చేస్తే ఇంకోసారి చూడమంటుంది. మేడం అయితే చెవి మెలేస్తారు."

పిల్లలంతా ఒక్కసారి నవ్వారు. ఎనెలెసి కూడా నవ్వింది. ఇంకో పిల్ల, "చెవులకి ఇవి పెట్టుకుంటే కడుపులో గుర్రుమనేది వినపడదు," అంది. బయటి నుంచి జావ వాసన లోపలికి వస్తోంది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"నాకు నచ్చదు," అన్నాడు వెనక నుంచి ఒకడు. "అది అందరికీ శెభాష్ అంటుంది. నిద్రపోతూ నొక్కినా శెభాష్ అంటుంది. ఇంక శెభాష్‌కి విలువేముంది?"

"నీకొక్కసారైనా అందేమిటిరా?" అని పక్కవాడు గిల్లాడు.

"నాకిష్టం," అంది ఒక బక్కపిల్ల నెమ్మదిగా. "దానికి నా పేరు తెలుసు. మేడంకి తెలీదు. ఏయ్ నువ్వు అంటారు."

ఎనెలెసి ఆ పిల్ల పేరు గుర్తు చేసుకోబోయింది. రాలేదు. చెంప మీద ఎవరో తట్టినట్టయింది.

తియోంగె ఆ మాట దాటేసి ఎలుబీ వైపు తిరిగింది. "నువ్వేం చెబుతావు?"

ఎలుబీ గౌను సర్దుకుని లేచి నిలబడింది. "ఇందులో ఇంకో మంచి ఉంది. ఎవరైనా రాలేకపోతే వాళ్ళ వంతు మనం చదివి పెట్టొచ్చు. పుస్తకంలో అయితే రాత పట్టుకుంటారు. దీనికి తెలీదు."

"ఎవరి వంతు చదివి పెట్టావు?"

"నేనొక్కదాన్నే కాదు. మేమంతా తలోరోజూ చదువుతాం. మాలిత వంతు."

గది ఒక్కసారి చల్లబడ్డట్టయింది. కమ్వెందో కుర్చీలోంచి లేచాడు. "అమ్మా, జావ చల్లారిపోతోంది, రండి ఫోటో తీసుకుందురు గాని..."

"మాలిత ఎవరు?" అని అడిగింది తియోంగె.

పెద్దవాళ్ళెవరూ జవాబు చెప్పలేదు. చెప్పకూడదు కూడా. పిల్లలకి చావు కబురు చెవిన పడనివ్వరు ఆ ఊళ్ళో. మాలితని తీసుకెళ్ళిన రోజు పిల్లలందరినీ ఏటి అవతల బంధువుల ఇళ్ళకి పంపేశారు. తిరిగి వచ్చాక, మాలిత అమ్మమ్మ ఊరికి వెళ్ళిందని చెప్పారు. ఎనెలెసి చిన్నప్పుడు ఆమెకీ అలాగే చెప్పారు. అమ్మమ్మ ఊరంటే ఏమిటో పెద్దయ్యాక ఎవరికి వాళ్ళకే తెలుస్తుంది.

అంటే పచ్చ చుక్క వెనకున్నది వీళ్ళేనన్నమాట. నాలుగు రోజులుగా గుండె మీద కూర్చున్న బరువు ఎనెలెసికి కాస్త దిగినట్టనిపించింది. వెళ్ళిన స్నేహితురాలు తిరిగొచ్చేసరికి చదువులో వెనకబడకూడదని పిల్లలు చేసిన పని. పాపం, పసివాళ్ళు. నెమ్మదిగా చెప్పి మాన్పిస్తే సరిపోతుంది.

"అమ్మమ్మ ఊరికి వెళ్ళిన దగ్గర నుంచీ చదువుతున్నారా తల్లీ?" అంది.

"కాదు మేడం," అంది ఎలుబీ. "అంతకు ముందు నుంచీ. నారుమళ్ళు పోసిన రోజు నుంచీ."

దిగిన బరువు రెండింతలై తిరిగి వచ్చి కూర్చుంది.

"అప్పుడు మాలిత బడికే వచ్చేది కదా?"

"రాలేదు మేడం. ముఖం ఒక్కటే వచ్చేది."

"మరి తను ఎక్కడుండేది?"

ఎలుబీ వేళ్ళు నులుముకుంది. చెప్పొచ్చా లేదా అన్నది ఆ పిల్ల ముఖంలో కనిపిస్తోంది. మవుతో ఆగలేకపోయాడు. "వాళ్ళ మామ చేలో. నారుకి మందు కొట్టడానికి. పెద్దవాళ్ళయితే మళ్ళు తొక్కేస్తారు, చిన్న కాళ్ళయితే సందులో పడతాయంట. పంపు వీపుకి కట్టేవాడు."

"నువ్వు చూశావా?"

"మా మేకలు అటే మేస్తాయి. పంపు కారేది. చొక్కా తడిసిపోయేది. నేను నవ్వాను, ఉచ్చ పోసుకున్నావా అని." ఆ మాటన్నాక ఆ పిల్లవాడి మొహం మారిపోయింది.

"ఇంట్లో చెబితే యూనిఫాం కొనను, బడి మాన్పించేస్తానన్నాడంట వాళ్ళ మామ," అంది ఎలుబీ. "అందుకని మమ్మల్ని బతిమాలింది. 'వరసగా రాకపోతే ట్యాబు మనల్ని మర్చిపోతుందని మేడం చెప్పారు కదా, నా ముఖం మీరు నొక్కండి, నన్ను మర్చిపోనివ్వకండి' అంది. మామిడికాయలు తెచ్చి ఇచ్చేది. తర్వాత తేలేదు. అయినా చదివాం."

ఆ మాట ఎనెలెసి అన్న మాటే. టర్ము మొదట్లో, ఎగ్గొట్టే వాళ్ళని భయపెట్టడానికి నవ్వుతూ అన్న మాట. అన్నట్టు ఇన్నాళ్ళూ ఆమెకు గుర్తు కూడా లేదు.

తియోంగె రాయడం ఆపేసింది. కమ్వెందో చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. అప్పుడు ఎనెలెసి గుమ్మం వైపు చూసింది.

లెజీనా అక్కడ నిలబడి ఉంది. జావ చిక్కబడిపోతోందని చెప్పడానికి వచ్చి ఉంటుంది. చేతిలో తెడ్డు అలాగే ఉంది. దాని చివర నుంచి జావ చుక్కలు చుక్కలుగా గడప మీద పడుతోంది. ఎప్పుడొచ్చిందో, ఎంత విందో అడగనక్కర్లేదు.

"అక్కా," అంది ఎనెలెసి.

"తల్లుల మీటింగులో మీరేం చెప్పారు మేడం?" అంది లెజీనా. గొంతు పెంచలేదు.

ఎనెలెసికి జవాబు తెలుసు. అందరి ముందూ ట్యాబు పైకెత్తి మరీ చెప్పింది.

"మీకు గుర్తు లేకపోతే నేను చెబుతాను. మీ మాలిత ఒక్క రోజు మానలేదన్నారు. తరగతిలో అందరికంటే ముందుందన్నారు. తల్లులంతా నా వైపు చూశారు. నాకు సిగ్గేసి తలొంచుకున్నాను. ఇంటికెళ్ళి మా అన్నకి చెప్పాను. 'చూశావా, నీ పిల్లల్ని నేనెలా చూసుకుంటున్నానో' అన్నాడు. ఆ పూట ఆయనకి కోడిని కోసి న్సిమా సంకటి వండి పెట్టాను మేడం. మోకాళ్ళ మీద కూర్చుని చేతులు కడిగాను."

"నాకు తెలీదక్కా. ట్యాబులో చుక్క వెలిగింది. నేను..."

"దానికి తెలీదు సరే. అది గాజుముక్క. మీకు కళ్ళున్నాయి కదా."

వంద మంది పిల్లలున్నారని ఎనెలెసి చెప్పొచ్చు. ఆ వంద మందిలో ఒకర్ని కన్న మనిషితో చెప్పే మాట కాదది.

"నాకూ ఉన్నాయిలే కళ్ళు," అంది లెజీనా, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు. "చివరి స్నానం నేనే చేయించాను. వీపు మీద తోలు ఊడి చేతికొచ్చింది. మందు వాసన. అదేమిటన్నా అంటే, జ్వరం వేడికి పొక్కింది, ఇంట్లో సీసా ఒలికింది అన్నాడు. సీసా ఒలికితే వీపుకెందుకు అంటుతుందని నేను అడగలేదు. నోటి దాకా వచ్చింది. అడగలేదు. అన్న కదా. మా అక్కచెల్లెళ్ళందరికీ, పిల్లలకీ ఆయనే కదా యజమాని. ఆయన్ని కాదంటే ఏ చూరు కిందకి పోతాను?"

"బయటికి పదమ్మా, పిల్లల ముందు వద్దు," అన్నాడు కమ్వెందో. అతని గొంతులో పెత్తనం లేదు. బతిమాలుతున్నాడు.

ఎలుబీ మాత్రం పెద్దవాళ్ళ మాటలన్నీ అయ్యేదాకా ఓపిగ్గా ఆగింది. ఆగి, లెజీనా దగ్గరికి వెళ్ళింది.

"అత్తా, మాలిత ఎప్పుడొస్తుంది? భాగారాలు మాకెవరికీ రావడం లేదు. తప్పులు ఎక్కువైతే అది వెనక్కి నెట్టేస్తుంది. ఇంకెన్నాళ్ళో మేం ఆపలేం. త్వరగా రమ్మని చెప్పు."

లెజీనా తెడ్డును గోడకి ఆనించింది. పెద్దమనిషి ముందు కూర్చున్నట్టు ఆ పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"రాదు తల్లీ."

"లెజీనా," అన్నాడు కమ్వెందో.

"అమ్మమ్మ ఊళ్ళో లేదు. ఏ ఊళ్ళోనూ లేదు. చచ్చిపోయింది. ఏటి గట్టున మట్టిలో పెట్టాం. మీరు చాలా చదివారు దాని కోసం. ఇంక చాలు."

ఎలుబీ ఏడవలేదు. ఆ పిల్లకి ముందే ఎంతో కొంత తెలుసేమో. తెలిసినదాన్ని ఎవరైనా పెద్దవాళ్ళు చెబితే బాగుండునని ఇన్నాళ్ళూ ఎదురుచూసిందేమో. పేరు గుర్తురాని ఆ బక్కపిల్ల హెడ్‌ఫోన్లు మెల్లగా తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఒకరి తర్వాత ఒకరు మిగతావాళ్ళూ తీశారు. మవుతో ఒక్కడే తియ్యలేదు. ట్యాబుని గుండెలకి ఆనించుకుని గోడ వైపు జరిగాడు.

"దాన్ని చూపించండి నాకు," అంది లెజీనా.

ఎనెలెసి తన ట్యాబు ఇచ్చింది. ముఖాల వరసలో మాలిత పైపన్ను ఒకటి లేకుండా నవ్వుతోంది. బడికి ట్యాబులు వచ్చిన రోజు తీసిన ఫోటో. లెజీనా వేలు ఆ ముఖం దాకా వెళ్ళింది, తాకలేదు. ఆ వేలు పక్కకి జరిగింది.

పక్కన ఫలేసి ముఖం. దాని కింద పచ్చ చుక్క.

లెజీనా తలెత్తింది. చాపల మీద కూర్చున్న పిల్లల్ని ఈ చివర నుంచి ఆ చివరకి చూసింది. మళ్ళీ ఆ చివర నుంచి ఈ చివరకి చూసింది. ఎనెలెసి కూడా చూసింది. ఆ వేళ పొద్దుటి నుంచి మొదటిసారి ఆమె చుక్కల్ని కాక తలల్ని చూసింది.

"ఫలేసి ఏదీ?" అంది లెజీనా. "పొద్దున్న నేనే ఒంటికి నూనె రాసి పంపాను. ఏదీ అది? చెట్టు కింద ఉందా?"

"చెట్టు కింద ఉన్నవాళ్ళకి ఇవాళ ఇంకా ట్యాబు ఇవ్వలేదక్కా," అంది ఎనెలెసి. ఆ మాటకి అర్థం తన నోట్లోంచి బయటికొచ్చాక గాని ఆమెకు తెలియలేదు.

ఎలుబీ మవుతో వైపు చూసింది. ఆ చూపు చాలు. ఎనెలెసి వెళ్ళి వాడి ముందు కూర్చుంది. చెవి మెలేస్తానని భయపడి వాడు తల లోపలికి లాక్కున్నాడు.

"ఇవాళ నా వంతు మేడం," అన్నాడు. "నన్నే అడిగింది. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుంది."

"ఎక్కడికి వెళ్ళింది?"

"మాలిత కట్టుకున్న పంపు దానికి సరిగ్గా సరిపోయిందంట. మళ్ళీ పట్టీలు కుట్టించక్కర్లేదన్నాడంట వాళ్ళ మామ."

ఇనుప తలుపు గోడకి కొట్టుకున్న చప్పుడయింది. గోడకి ఆనించిన తెడ్డు కింద పడింది. గుమ్మంలో లెజీనా లేదు. బయట పొయ్యి మీద జావ అడుగంటుతున్న వాసన. పొగాకు చేల దారిలో ఎండలోకి పరిగెడుతున్న చితెంజె అంచు ఒక్క క్షణం కనిపించి మలుపు తిరిగింది. ఎనెలెసి చెప్పులు వెతుక్కోలేదు. ఆమె గడప దాటుతుండగా వెనక మవుతో మెడలోకి జారిన హెడ్‌ఫోన్లలోంచి, అందరికీ వినపడేలా, చిన్న గొంతు పలికింది.

"శెభాష్ ఫలేసీ. ఇవాళ చాలా బాగా చదివావు."